రాతి మీది తేదీ

శనివారం ఇడ్లీలు ఉడికేలోపు ఒక పాట ఎక్కించేసి, తిన్నాక జుట్టుకు రంగు వేసుకోవాలని యేసుకుమార్ పథకం. ఉయ్యూరు చర్చి బీరువాలో పురుగులు తింటున్న పాత పాటల స్వరాలను శుభ్రంగా తిరగరాసి, ఎవరైనా ఉచితంగా పాడుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టడం ఆయన పదకొండేళ్ళ పిచ్చి. ఇప్పటికి రెండువందల పన్నెండు పాటలయ్యాయి. జీతమిచ్చే పని మీద ఆయన ఎన్నడూ అంత శ్రద్ధ పెట్టలేదు.

రాసినవాడు పోయి అరవై ఏళ్ళు దాటితే పాట అందరిదీ అని చట్టం. యేసుకుమార్ చట్టానికి భయపడే మనిషి. అందుకే ఈ పాటకు వరస కట్టిన అబ్రహాము 1961లోనే పోయాడనడానికి సాక్ష్యంగా, సమాధుల తోటకు వెళ్ళి రాయిని ఫొటో తీసి మరీ జతచేశాడు.

రెండో ఇడ్లీ దగ్గర మెయిల్ వచ్చింది. "ఆ వరస నాది. నన్ను అడగలేదు. తీసెయ్యండి. ఇట్లు, అబ్రహాము."

"ఎవడో ఆకతాయి," అనుకుని యేసుకుమార్, "మీరు పోయి అరవై నాలుగేళ్ళయిందండీ," అని మర్యాదగానే జవాబిచ్చాడు.

మళ్ళీ వచ్చింది. "ఫొటో చూశాను. రాయి వెనక నాచు పట్టింది, కాస్త కడిగించండి. మూడో పాదంలో అది 'గ' కాదు, 'మ'."

యేసుకుమార్ చేతిలో ఇడ్లీ ఆగిపోయింది. మూడో పాదంలో ఆ స్వరాన్ని పురుగు తినేసింది. 'గ' అయుంటుందని ఆయనే ఊహించి వేశాడు. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు.

ఆ భార్య శాలిని ఫోన్ లాక్కుని చూసింది. "మీరు ఫొటో తీసింది ముందు వైపు కదండీ. వెనక నాచు పట్టిందని లోపల ఉన్నాయనకి గాక ఇంకెవరికి తెలుస్తుంది?"

అంతలో వెబ్‌సైటు వాళ్ళ నోటీసు దిగింది. హక్కుదారు ఫిర్యాదు చేశారు, సాయంత్రం ఐదులోగా తేల్చకపోతే పేజీ మొత్తం తొలగిస్తామని. పాట తీసేద్దామని యేసుకుమార్ నొక్కితే, ఫిర్యాదు తేలేదాకా తీయడానికి వీల్లేదంది. పదకొండేళ్ళ కష్టం సాయంత్రానికి గాలికి పోతుంది. ఆయనకు ఏడుపొచ్చింది.

"ముందు ఆ నాచు కడిగొద్దాం పదండి. ఆయన మనసు కరిగితే ఆయనే వెనక్కి తీసుకుంటాడు," అంది శాలిని, బకెట్టూ బ్రష్షూ పట్టుకుని.

మిట్టమధ్యాహ్నం సమాధుల తోటలో ఆకు కదలడం లేదు. గాలి లేకపోయినా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన మాత్రం వస్తోంది. అబ్రహాము రాయి ముందు తాజా చామంతులున్నాయి. రాయి వెనక్కి వెళ్ళి చూస్తే నాచు లేదు. రాయి తడిగా ఉంది. పక్క సమాధి చాటున ఎవరో సన్నగా అదే వరస పాడుతున్నారు. మూడో పాదంలో 'మ' పలికింది.

శాలిని బకెట్టు వదిలేసి, "ప్రభువా," అంది.

"వచ్చారా?" అంటూ ఒక ముసలాయన లేచాడు. "మీరు కడిగేట్టు లేరని నేనే కడిగేశా."

"అ... అబ్రహాము గారాండీ?"

"ఆఁ. గన్నవరంలో ఉంటా. ప్రతి శనివారం బస్సెక్కి వస్తా. మా అన్నయ్య మనవరాలు మీ పేజీ చూపించింది, నేను చెబుతుంటే మెయిళ్ళూ తనే కొట్టింది." ఆయన రాయిని తడిమాడు. "అరవై ఒకటిలో పోయింది మా ఆవిడ సంపూర్ణమ్మ. అప్పుడే నా పేరు కూడా పక్కన చెక్కించేసుకున్నా. తేదీ తనదే. నా తేదీకి కింద చోటుంది, చూడు. ఈ వరస తన కోసం కట్టింది బాబూ. దాన్ని తప్పుగా పాడితే నా ప్రాణం ఊరుకోలేదు."

యేసుకుమార్ ఆయన చేతులు పట్టుకుని క్షమాపణ అడిగాడు. ముసలాయన కరిగిపోయి, అందరూ పాడుకోవచ్చని అక్కడే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఆ తోటలో సిగ్నల్ అందక అందక, అయిదుకు పది నిమిషాలుందనగా ఆ కాగితం ఫొటో వెబ్‌సైటుకు చేరింది. వెంటనే జవాబు వచ్చింది. యేసుకుమార్ పైకి చదివాడు.

"మీరు పంపిన సమాధి ఫొటో ప్రకారం రచయిత 1961లో మరణించారు. మరణించినవారి సంతకం చెల్లదు, ఫిర్యాదూ చెల్లదు. పాట అందరిదీ. మీ పేజీ యథాతథంగా ఉంటుంది."

అబ్రహాము ఒక చామంతి తీసి రాయి మీది తన పేరు దగ్గర పెట్టాడు.

"సరే బాబూ, పోయినవాడి ఆఖరి కోరికనుకో. ఆ 'మ' దిద్దు."