నాగప్ప నడుము

ఆ ఉదయం ఎట్లాగైనా రాయికోడ్ వెళ్లి పెళ్లాన్ని తెచ్చుకోవాలని నాగప్ప నిశ్చయించుకున్నాడు. తన తల్లికి మొగుడు దండం పెట్టలేదని ఇందిరమ్మ అలిగి పుట్టింటికి పోయింది. పెడితేనే వస్తానని కబురు పంపింది. నాగప్ప వండుకున్నది కుక్క కూడా ముట్టడం లేదు. అయినా అత్త ముందు వంగేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. గుమ్మం ఎత్తు తక్కువైతే గుమ్మాన్నే పైకి జరిపించే మనిషి మరి!

వెళ్లేముందు అల్లం బస్తా పక్కకు జరపబోయాడు. నడుము పటుక్కుమంది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

జహీరాబాద్ బస్టాండు దగ్గర మాలిష్ చేసే జహంగీర్ పహిల్వాన్ నూనె చేతులతో వెన్నంతా తడిమాడు.

"కండ్లు మూసుకో పటేలా. ఊపిరి మెల్లగ ఇడువు. నొప్పి ఏడ కూసుందో లోపల్నే సూడు. ఏం కనవడ్తుంది?"

"మా అత్త."

"గందుకే గింత బిగవట్టింది! ఇది నాతోని గాదు. ఎదురుకాళ్లతోని పుట్టినోళ్లు తంతెనే ఇడుస్తది."

"గసుంటోళ్లు ఏడున్నరు?"

పహిల్వాన్ కాస్త దగ్గాడు. "రాయికోడ్ల. మీ అత్తమ్మనే."

రాయికోడ్ బస్సులో వంగి నిలబడ్డ అతన్ని చూసి ఎవరో "ఏం పారేసుకున్నవన్నా?" అన్నారు. అంతే, బస్సంతా వంగి వెతికింది. ఎవరిదో నిరుడు పోయిన చెప్పు దొరికింది.

వాకిట్లో వంగి నిలబడ్డ అల్లుణ్ణి చూసి సావిత్రమ్మ నిలువునా కరిగింది.

"అయ్యో బిడ్డా, దండం వెడ్తున్నవా? లే, లే! ఇందిరా, సంచి సర్దవే!"

నాగప్ప లేవలేదు. వాడకట్టంతా పోగైంది.

"ఇంకా లేస్తలేవా? తప్పంత నాదే బిడ్డా!" అని ఏడుస్తూ ఆమె అల్లుడి కాళ్లే పట్టుకోబోయింది. నాగప్ప హడలిపోయాడు.

"దండం గాదత్తమ్మా! నడుం వట్టింది. జర తన్నుండ్రి!"

వాడకట్టు గొల్లుమంది. ఇందిరమ్మ సంచి మళ్లీ లోపలికి పోయింది. సావిత్రమ్మ కొంగు దోపి, ఇన్నాళ్ల కసినంతా మడమలోకి దించి ఒక్కటిచ్చింది. ఆ చప్పుడుకు బీదర్ కోట మీది పావురాలు లేచాయంటారు.

నడుము విడిచింది. నిటారుగా నిలబడ్డ నాగప్పకు గుమ్మంలో కళ్లు తుడుచుకుంటున్న ఇందిరమ్మ కనబడింది. ఒట్టు ఏ గంగలో కలిసిందో గాని, ఎవరూ అడగకుండానే వెళ్లి అత్త కాళ్ల మీద పడ్డాడు.

ఈసారీ నడుమేనేమోనని సావిత్రమ్మ నమ్మలేదు. లేచి నిలబడి, మళ్లీ పెట్టి చూపించమంది.