రెండు పచ్చని సీసాలు

ఊరి వార్షిక ప్రదర్శన రోజు పొద్దున్నే క్లారీ కారు కూలెంట్ మార్చడానికి పూనుకున్నాడు. ఇంజన్ పూర్తిగా చల్లబడిందని చేత్తో తడిమి చూసుకున్నాకే రేడియేటర్ మూత తిప్పాడు. పాతదాన్ని వంపి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చస్తాయేమోనని డబ్బాలో పోసి బిగించి, గదికి తాళం కూడా వేశాడు. జాగ్రత్తంటే అంత జాగ్రత్త. చేసిన తప్పల్లా ఒక్కటే. పచ్చటి కొత్తదాంట్లో చివరి లీటరు నీళ్లతో కలపడానికి పాత్ర చాలక, బల్ల మీదున్న ఖాళీ గాజుసీసాలో కలిపాడు. తర్వాత టీ తాగడానికి వెళ్లాడు.

అదే బల్ల మీద అతని భార్య ఎనిడ్ పోటీకి చేసిన పచ్చ నిమ్మకాయల షర్బత్ సీసాలు రెండున్నాయి. ప్రదర్శన నియమం అది: ఒకటి రుచికి, రెండోది రంగు చూడటానికి. పదకొండేళ్లుగా మొదటి బహుమతి మావిస్‌దే. ఈసారి ఎలాగైనా గెలవాలని ఎనిడ్ ఆ రసాన్ని ఏడుసార్లు వడకట్టింది.

క్లారీ తిరిగొచ్చి చేతికందిన సీసాను రేడియేటర్‌లో వంపేశాడు. మిగిలిన రెండూ ఎనిడ్ పట్టుకుపోయింది. చేతులు కడుక్కోబోతే వేళ్లకు నిమ్మవాసన గుప్పుమంది. కారులో పోసింది షర్బత్ అన్నమాట. భార్య తీసుకెళ్లిన రెండింట్లో ఒకటి విషం! ఫోన్ చేస్తే అది వంటింట్లోనే మోగింది. రేడియేటర్ మూత సరిగ్గా బిగించకుండానే కారెక్కాడు.

ప్రదర్శన హాల్లో ఎనిడ్ సీసాల వంతు వచ్చేసింది. న్యాయనిర్ణేత మిసెస్ థ్రెల్‌ఫాల్ ఒక సీసాను కిటికీ వెలుగుకెత్తి పట్టుకుంది. తెల్లటి గోడంతా లేతపచ్చగా వెలిగింది. చూడవచ్చిన గొడ్లకాపరులు గౌరవంగా టోపీలు తీసేశారు. మావిస్ కూడా మెడ చాచి చూసింది. అబ్బ, ఏం రంగు అది! వచ్చిన పని మరిచిపోయి క్లారీ కూడా కళ్లప్పగించాడు. తేరుకునేసరికి న్యాయనిర్ణేత రెండో సీసాలోంచి గ్లాసులో పోసుకుని గుటక వేసేసింది.

"తాగకండి, అది కారులో పోసేది," అన్నాడు క్లారీ.

"ముప్పై ఏళ్లుగా పోటీల్లో తాగుతున్నాను నాయనా, ఇంత మంచి నిమ్మరసం ఎరగను," అందావిడ.

క్లారీకి అప్పుడర్థమైంది, ఆవిడ తాగింది షర్బతేనని. అంటే అందరూ టోపీలు తీసింది కూలెంట్‌కన్నమాట. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రెండు సీసాల్లోనూ ఒకటే రసం ఉండాలి కదా అని మావిస్ మెల్లగా గుర్తుచేసింది. మిసెస్ థ్రెల్‌ఫాల్ బాధగానే ఒప్పుకుని, ఎనిడ్ పేరు కొట్టేయడానికి పెన్ను తీసింది.

ఎనిడ్ మొహం పాలిపోయింది. తిట్టలేదు. "నా రెండో సీసా ఏం చేశావు క్లారీ?" అనడిగింది.

అతను సిగ్గుతో గుమ్మం వైపు చూపించాడు. బయట కారు బుస్సుమంటోంది. ఆవిరి హాల్లోకి వచ్చింది. ఎండలో తోటంతా ఒక్కసారి పిండినట్టు నిమ్మవాసన. మిసెస్ థ్రెల్‌ఫాల్ కారు దగ్గరకెళ్లి కళ్లు మూసుకుని నిలబడిపోయింది. జనం వెనకాలే వచ్చి ఆ వాసన పీల్చారు. ఆవిడ మూత మీద చెయ్యి వేయబోతే క్లారీ ఆపాడు, వేడి మీద తీయకూడదని.

"అవసరం లేదులే, నేను తాగిన రసమే ఇది, జోడీ కుదిరింది," అని ఆవిడ మొదటి బహుమతి నీలి రిబ్బను తెచ్చి ఎనిడ్ చేతిలో పెట్టింది. ఎనిడ్ ఏడ్చేసింది. కారును ట్రాక్టర్ ఇంటికి లాక్కెళ్లింది.

మరుసటేడు నియమాల పుస్తకంలో ఒక వాక్యం కొత్తగా చేరింది: పోటీకి తెచ్చే రెండు సీసాలూ తాగదగినవై ఉండవలెను.