ఎలిశమ్మ గారి సమాధి తీర్మానం

బేతనియ చర్చి సభ్యురాలు ఎలిశమ్మ వేసవిలోనే చనిపోయింది గానీ, ఆమె సమాధి తీర్మానం సంఘ కమిటీలో ఆమోదం పొందలేదు కాబట్టి, క్రిస్మస్ దాటినా ఆదివారం ఆరాధనకు వస్తూనే ఉంది. ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. తీర్మానం కాందే సమాధుల తోట గేటు తీయకూడదని దొరల కాలంలో రాసిన నిబంధన ఒకటుంది. గేటు తీసేదాకా చనిపోయినవాళ్లు ఎక్కడుండాలో ఆ దొరలు రాయలేదు. అందుకని వాళ్లు ఇంట్లోనే ఉండి, మామూలు పనులు చేసుకుంటూ కబురు కోసం చూస్తుంటారు. మామూలుగా ఇదంతా ఒక పూటలో తేలిపోయే వ్యవహారం. పొద్దున పోయినవాళ్లు, వచ్చిన చుట్టాలకు మంచినీళ్లందించి, సాయంత్రానికి పెట్టెలో పడుకునేవాళ్లు.

ఎలిశమ్మ విషయంలో పేచీ మట్టి దగ్గర వచ్చింది. ఆ సంఘంలో పెట్టెను గోతిలోకి దించాక పాస్టరుగారు బంధుత్వం పేరు పెట్టి పిలుస్తారు. 'కుమారులు రండి' అంటే కొడుకులు వచ్చి మూడు గుప్పిళ్ల మట్టి వేస్తారు. తర్వాత కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు. పిలవనివాళ్లు వేయరు. ఎలిశమ్మకు ఒక్కడే కొడుకు, ఫిలేమోను, కరెంటాఫీసులో లైన్‌మన్. అతనితో పాటు అదే ఇంట్లో కొన్నేళ్లుగా రత్నాకర్ ఉంటున్నాడు. చర్చిలో కీబోర్డు వాయించేది అతనే. వాళ్లిద్దరూ తమ పెళ్లి ప్రకటన చర్చిలో చదవమని పాస్టరు కృపావరం గారిని అడిగారు. ఆయన బీపీ మాత్ర వేసుకున్నారు గానీ ప్రకటన చదవలేదు. చివరికి ఎలిశమ్మే తన ముందుగదిలో ఇద్దర్నీ మోకరింపజేసి, తలల మీద చేతులుంచి ప్రార్థన చేసి, ఉంగరాలు మార్పించి, సేమ్యా పాయసం పెట్టింది. ఆ రోజు నుంచి రత్నాకర్ ఆమెను ఆంటీ అనడం మానేసి అత్తయ్యా అంటున్నాడు.

తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. రెండేళ్లు మంచంలో ఉంది. ఫిలేమోను స్తంభాల మీద ఉండే వేళల్లో ఆమె ఒళ్లు కడిగిందీ, పక్క మార్చిందీ, తల దువ్వి జడ వేసిందీ రత్నాకరే. పెళ్లి సంగతి తెలిసిన నాడు అతని కన్నతల్లి అతన్ని వాకిట్లో నిలబెట్టి తలుపేసుకుంది. ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఇవన్నీ ఊళ్లో అందరికీ తెలిసినవే, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

చనిపోయిన పొద్దున ఎలిశమ్మ మంచం దిగి, తానే పాస్టరుగారింటికి నడిచి వెళ్లి కబురు చెప్పింది. చావువల్ల ఆమెకు కలిగిన లాభం ఆ నడక ఒక్కటే.

"వందనాలయ్యగారూ. తెల్లారగట్ట పోయాను. సాయంత్రానికి కానిచ్చేస్తే బాగుంటది, ఎండలు మండిపోతన్నాయి."

"అయ్యో! నిమ్మళంగా పోయారా అమ్మా?"

"నిమ్మళంగానే పోయానయ్యా. రత్నం పక్కనే ఉన్నాడు. ఒక్కటే మనవి. మట్టికి నా ఇద్దరు పిల్లల్నీ పిలవాలి. ఫిలేమోన్ని ఎట్టాగూ కొడుకని పిలుస్తారు. రత్నాన్ని ఏమని పిలుస్తారో మీ ఇష్టం, మా ఇంటోడని తెలిస్తే చాలు."

పాస్టరుగారు మళ్లీ మాత్ర వేసుకున్నారు.

తోటలో ఆమె భర్త పక్కన గొయ్యి తవ్వేశారు. తవ్వి పోసిన కుప్పలోంచి రత్నాకర్ గుప్పెడు మట్టి రుమాల్లో కట్టి జేబులో పెట్టుకున్నాడు. పిలిచినప్పుడు తడుముకోకూడదని అతని కంగారు. కానీ తీర్మానం కమిటీలో సగానికి సగం చీలి ఆగిపోయింది. సెక్రటరీ మోషే గారు చిన్నప్పుడు సండే స్కూల్లో ఎలిశమ్మ దగ్గర పాటలు నేర్చుకున్న మనిషి.

"నేను పగబట్టి అంటన్నానా? ఆవిడ ఒళ్లో కూచుని పెరిగినోణ్ణి. కానీ వాక్యం వాక్యమే. ఆ కుర్రోణ్ణి పిలిస్తే ఆ పెళ్లిని మనం ఒప్పుకున్నట్టే," అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

"పిలవాల్సిందే. అల్లుడు అనే పిలవాలి. అంతకన్నా ఒక్క మాట తగ్గినా ఊరుకోం," అంది హైస్కూలు టీచరు గ్రేస్‌మణి. ఆమె కూడా వాక్యాన్నే చూపించింది. ఇద్దరూ బైబిల్లో ఒకే పేజీ తెరిచారని తర్వాత తెలిసింది.

అప్పటిదాకా ఆ చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చునేవాళ్లు. ఇప్పుడు మోషే గారి పక్షం కుడివైపు, టీచరు పక్షం ఎడమవైపు సర్దుకున్నారు. భార్యాభర్తలు చర్చిలో పక్కపక్కన కూర్చోవడం ఆ ఊరి చరిత్రలో అదే మొదలు. కొన్ని జంటలు ఇళ్లల్లో కూడా విడివిడిగా కూర్చోవడం మొదలుపెట్టాయి. ఎలిశమ్మ ఎటు కూర్చున్నా తప్పుడు అర్థం వస్తుందని మధ్యదారిలో ఆమెకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. తీర్మానం తేలేదాకా రత్నాకర్ కీబోర్డు ముట్టకూడదన్నారు కాబట్టి దాని మీద గుడ్డ కప్పారు. పాటలు ఎవరి శ్రుతిలో వాళ్లు పాడుకున్నారు.

ఎలిశమ్మ ఒళ్లు చల్లబడిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఆడవాళ్లు, ఏ పక్షం వాళ్లయినా సరే, ఆమె కుర్చీ దగ్గరికి జరిగేవాళ్లు. ఇంట్లో వంట తనే చేసేది. నాలుకకు రుచి తెలియదు గనక ఉప్పు చేతికొచ్చినంత వేసేది. రత్నాకర్ కిక్కురుమనకుండా తినేవాడు, ఫిలేమోను మజ్జిగ ఎక్కువ పోసుకునేవాడు. అన్నిటికన్నా కష్టం నిద్ర. చనిపోయినవాళ్లకు మంచం మీద నిద్ర పట్టదు. వాళ్ల నిద్ర గోతిలోనే ఉంటుంది. కళ్లు తెరుచుకుని పడుకుని, "కాళ్లు పీకుతన్నాయిరా," అనేది. రత్నాకర్ పిసికేవాడు. ఎంత పిసికినా ఆ పాదాలు వేడెక్కేవి కావు. అలసిపోయిన మనిషిని పడుకోనివ్వకపోవడం ఎంత పాపమో రెండు పక్షాల్లోనూ ఎవరికీ తట్టలేదు.

ఈలోగా ఎన్నికలొచ్చాయి. సమాధి కాందే మరణ ధ్రువపత్రం రాదు, ధ్రువపత్రం లేందే ఓటు తీసెయ్యరు. ఒక పార్టీ అభ్యర్థి మోషే గారి పక్కన నిలబడి సమాధుల తోటకు ప్రహరీ కట్టిస్తానన్నాడు. రెండో పార్టీ అభ్యర్థి టీచరు పక్కన నిలబడి అదే ప్రహరీని ఇంకాస్త ఎత్తుగా కట్టిస్తానన్నాడు. పెళ్లి సంగతేమిటో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. ఇద్దరూ ఆమె ఇంటికొచ్చి దండం పెట్టి, చేతులు చల్లగా ఉన్నాయని శాలువాలు కప్పారు.

"మీలో ఎవరొస్తే నన్ను పడుకోనిస్తారు బాబూ?" అని ఇద్దర్నీ అడిగింది ఎలిశమ్మ.

"ముందు గెలవనియ్యి పెద్దమ్మా, తర్వాత చూద్దాం," అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

చర్చి ముందు రెండు ఫ్లెక్సీలు వెలిశాయి. ఒకదాని మీద ఎలిశమ్మ సండే స్కూలు పిల్లల మధ్య నవ్వుతోంది, రెండోదాని మీద పిడికిలి ఎత్తింది. ఆ పిడికిలి ఆమెది కాదు. బూత్‌లో ఆమె వేలికి ఇంకు పెట్టారు. పెరగని గోరు గనక ఆ చుక్క అలాగే ఉండిపోయింది.

ఎన్నికలయ్యాక పాస్టరుగారు ధైర్యం చేసి ఒక దారి చెప్పారు. బంధుత్వమేదీ అనకుండా 'ఆత్మీయులు రండి' అని అందర్నీ ఒకేసారి పిలుస్తాననీ, ఆ గుంపులో రత్నాకర్ కూడా వచ్చి వేసి వెళ్లొచ్చనీ.

"గుంపులో వచ్చినా వచ్చినట్టే," అన్నాడు మోషే గారు.

"గుంపులో కలిపేస్తే ఇన్నాళ్ల పోరాటం నీరుగారిపోద్ది. అమ్మ ఇంతకాలం ఆగింది, ఇంకొంతకాలం ఆగలేదా?" అంది గ్రేస్‌మణి టీచరు.

రెండు పక్షాలూ కలిసి ఆ ప్రతిపాదనను ఓడించాయి. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర రత్నాకర్ కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

"అత్తయ్యా, నేను ఎటన్నా ఎళ్లిపోతాను. ఫిలేమోను ఒక్కడే ఏస్తాడు. నువ్వు హాయిగా పడుకో."

ఫిలేమోను గోడవైపు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

"రెండేళ్లు నా ఒళ్లు కడిగిన చేతులురా అయ్యి," అంది ఎలిశమ్మ. "ఆ చేతుల మట్టి పడకుండా నాకు నిద్రెట్టా పడతదనుకున్నావు?"

"నీ బాధ చూళ్లేకపోతన్నాం అత్తయ్యా."

"చూడమాక. కాళ్లు పిసుకు."

కొత్త సంవత్సరం వచ్చాక సర్వసభ్య సమావేశం పెట్టారు. అప్పటికి రెండు పక్షాలూ అలిసిపోయాయి. మోషే గారు లేచి ఒక తీర్మానం చదివాడు. ఎలిశమ్మ గారు ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తున్నారు, కానుక వేస్తున్నారు, ఓటు కూడా వేశారు, కాబట్టి ఆమె చనిపోలేదని సంఘం భావిస్తోంది. చనిపోకపోతే సమాధి లేదు. సమాధి లేకపోతే మట్టి లేదు. మట్టి లేకపోతే ఎవర్ని ఏమని పిలవాలన్న సమస్యే లేదు. అదే తీర్మానంలో, సభ్యుల జాబితాలో రత్నాకర్ పేరు పక్కన 'ఫిలేమోను ఇంట్లో అద్దెకుంటున్న యువకుడు' అని రాయాలని కూడా ఉంది. గ్రేస్‌మణి టీచరు చేతిలోని బైబిలు మూసింది. తర్వాత లేచి, కనీసం జాబితాలో పేరైనా ఉందని చెప్పి, బలపరిచింది.

ఎలిశమ్మ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"నేను పోయానయ్యా. పోయినదాన్ని నాకు తెలవదా?"

"అమ్మా, అది మీ వ్యక్తిగత అభిప్రాయం," అన్నారు పాస్టరుగారు, నేల చూస్తూ. "సంఘం ఐక్యత కోసం..."

తీర్మానం ఏకగ్రీవమైంది. అందరూ చప్పట్లు కొట్టారు. కుడివైపు వాళ్లు ఎడమవైపుకు వెళ్లి కౌగిలించుకున్నారు. చాలామంది ఏడ్చారు కూడా.

తవ్విన గొయ్యి ఇక అక్కర్లేదు గనక ఆ పూటే పూడ్చారు. ఖాళీ గొయ్యి కాబట్టి ఎవరైనా మట్టి వేయొచ్చు, ఎవర్నీ పేరు పెట్టి పిలవనక్కర్లేదు. అందరూ ఉత్సాహంగా వేశారు. మోషే గారు రత్నాకర్‌ను చూసి, ఇన్నాళ్ల కోపం మరిచిపోయి, ప్రేమగానే పార అందించాడు.

"నువ్వూ ఓ చెయ్యెయ్యి తమ్ముడూ."

రత్నాకర్ పార అందుకుని, పక్కవాళ్లకు ఇచ్చేశాడు. ఎలిశమ్మ గేటు దగ్గర నిలబడి తన నిద్ర పూడిపోవడం చూసింది.

ఇంటికొచ్చాక ముగ్గురూ పెరట్లో కూర్చున్నారు. చర్చి మైకులో స్తుతి పాటలు వినిపిస్తున్నాయి. ఎలిశమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని కాళ్లు చాపుకుంది. రత్నాకర్ జేబులోంచి రుమాలు తీసి ముడి విప్పాడు. మట్టి ఎప్పుడో ఎండిపోయి పొడి అయింది.

ఫిలేమోను గొంతు సవరించుకున్నాడు. పాస్టరుగారిలాగా పలకబోయాడు గానీ కుదరలేదు, మామూలు గొంతుతోనే అన్నాడు.

"కుమారులు రండి."

తనే వంగి మూడు చిటికెలు తీసి తల్లి పాదాల మీద వేశాడు. తర్వాత రత్నాకర్ వైపు తిరిగాడు.

"అల్లుళ్లు రండి," అన్నాడు.

రత్నాకర్ మోకాళ్ల మీద కూర్చుని మిగిలిన మట్టంతా ఆ చల్లటి పాదాల మీద పోసి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. ఎలిశమ్మ కళ్లు మూసుకుంది. ఇద్దరూ ఆమె ముఖంలోకి చూశారు. మైకులో పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. అదీ అయిపోయింది.

ఆమె కళ్లు తెరిచింది.

"బాగా ఏశారురా," అంది. "లేండి, పొద్దుపోయింది. ఎసరు పెడతాను."

మట్టి దులపకుండానే లోపలికి నడిచింది. వంటింటి దాకా గచ్చు మీద ఆమె అడుగులు పడ్డాయి. వాటిని ఎవరూ తుడవలేదు. ఆ పూట పులుసులో అసలు ఉప్పు లేదు. ముగ్గురూ కూర్చుని, బాగుందని చెప్పుకుంటూ తిన్నారు.