పిల్లలున్న ఇంట్లో మీగడరంగు సోఫా

పసిపిల్లలున్న ఇంటికి మీగడరంగు సోఫాను మించిన సోఫా లేదు!

నవ్వకండి. ముదురురంగు కొనండి, రెగ్జిన్ కొనండి, తడిగుడ్డతో తుడిస్తే పోయేది కొనండి అని సలహాలిచ్చేవాళ్లంతా ముందుచూపు లేనివాళ్లు. మరక కనిపించని సోఫా వల్ల లాభమేమిటి? కనిపిస్తేనే కదా, చేసిందెవరో తేలేది! తేలితేనే కదా, బుద్ధి చెప్పగలిగేది! బుద్ధి చెబితేనే కదా, పిల్లలు ప్రయోజకులయ్యేది! ఈ లెక్కన దేశం భవిష్యత్తు మొత్తం లేతరంగు సోఫాల మీదే కూర్చుని ఉందని వేరే చెప్పాలా?

ఈ సత్యాన్ని శ్రీకాకుళంలో అందరికంటే ముందు గ్రహించినవాడు దేవేంద్ర. ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. భార్య సుహాసిని అతనికి సొంత మేనత్త కూతురు. కూతురు శ్రావణి ఒకటో తరగతి. కొడుకు చినబాబు ఇంకా నర్సరీ. శ్రీకూర్మం పక్క పల్లెలో పొలం కౌలుకిచ్చేసి వచ్చిన తల్లి దాలమ్మ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. ఆవిడకి అడ్డచుట్ట అలవాటు. అంటే నిప్పున్న కొస నోట్లోపల, చల్లటి కొస బయట. ఆ నిప్పు నోట్లో పెట్టుకునే ఆవిడ ఊరందరి సంగతులూ మాట్లాడగలదు. ఈ కాలం వాళ్లకి వట్టి నోటితోనే అంత మాట్లాడటం చేతకాదు!

సోఫా కొనే రోజున సుహాసిని గట్టి నిర్ణయంతోనే బయల్దేరింది. ముదురురంగు ఉండాలి. కవర్లకి జిప్పులుండాలి, విప్పి ఉతుక్కోవాలి. మూలలు గుండ్రంగా ఉండాలి, పిల్లల తలలు పగలకూడదు. కిందికి చీపురు దూరాలి. ఇంత వివేకంతో సీతారామారావు ఫర్నిచర్ షాపులోకి అడుగుపెట్టిన మనిషి, పక్కకి తిరిగి చూసేసరికి మొగుడు లేడు. షాపు నడిమధ్యన మీగడరంగు సోఫాలో నడుం దాకా కూరుకుపోయి, కళ్లు అరమోడ్చి ఉన్నాడు.

"మాస్టారూ, ఇది మీకోసమే వచ్చినట్టున్నాది" అన్నాడు సీతారామారావు.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారండీ" అంది సుహాసిని.

"పిల్లలున్నోళ్లే దీన్ని ఎక్కువగా కొంటన్నారమ్మా! మాసిందనుకోండి, దిండు తిరగేసుకోవడమే. రెండేపులా ఒకటే గుడ్డ."

సుహాసిని మొగుడి పక్కకి వెళ్లి గొంతు తగ్గించింది. "బావా, ఇది సోఫా కాదు, తెల్లకాయితం. మన గుంటలు దీనిమీద రాయకుండా ఒగ్గుతారేటి?"

"ఆలకి సిన్నప్పటినుంచే మంచి వస్తువు విలువ తెలియాల. నాను నేర్పుతాను కదా" అన్నాడు దేవేంద్ర, సోఫాలోంచి లేవకుండానే.

అలా సోఫా ఇంటికొచ్చింది. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ కవరు తీస్తే దాని ఆయుష్షు తగ్గుతుందని దేవేంద్ర కొన్నాళ్లు తీయనివ్వలేదు. కూర్చుంటే కిర్రుమనేది. లేస్తే వీపుతోపాటు లేచేది. ఎండాకాలం ముదిరి, కూర్చున్నవాళ్లకి చెమటతో స్నానమవుతోందని ఇంటిల్లిపాదీ మొర పెట్టుకున్నాక కవరు తీయించి, దుప్పటి పరిచాడు. దుప్పటి మాసిపోకుండా దానిమీద టవల్ వేశాడు. ఇక చూసుకోండి క్రమశిక్షణ! బిస్కెట్ పట్టుకుని సోఫా దగ్గరికి రాకూడదు. స్కెచ్ పెన్నులు హాల్లోకే రాకూడదు. కాళ్లు కడిగి, తుడిచి, ఆరబెట్టుకుని అప్పుడు ఎక్కాలి. ఏ కాన్వెంటులో నేర్పుతారండీ ఇన్ని విషయాలు?

ఒక సాయంత్రం అతను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇల్లంతా నెయిల్ పాలిష్ వాసన.

"ఏటయినాది?"

సుహాసిని వంటింట్లోంచే సమాధానం చెప్పింది. "సీసా కింద పడ్డాది బావా. చినబాబు ఆడతన్నాడు కదా... నేలంతా తుడిసీసినాను."

"నాను కాదు నాన్నా" అన్నాడు చినబాబు. నేరం చేసినవాళ్లంతా అనే మాటే కదా అది! వాణ్ణి గోడవైపు తిప్పి నిలబెట్టాడు తండ్రి.

మరికొన్నాళ్లకి ఏదో కాలిన వాసన. ఈసారి దాలమ్మ చెప్పింది. "పిలగాలు అగరొత్తులతోటి ఆడినట్టున్నారురా. నాను కునుకు తీస్తన్నాను, సూణ్ణేదు." మళ్లీ చినబాబు, మళ్లీ గోడ. పక్కన శ్రావణి కూడా. ఆ రోజుతో శాశ్వత ఉత్తర్వు వెలువడింది. పిల్లలెవరూ సోఫా ఎక్కరాదు. దాని ముందు చాప వేస్తారు, అక్కడే కూర్చోవాలి.

పద్ధతి ఎంత బాగా వంటబట్టిందంటే, ఇంట్లో ఎక్కడ గిన్నె పడిన చప్పుడైనా, ఎవరు గొంతు పెంచినా, చినబాబు ఆడుతున్న బొమ్మ అక్కడ పెట్టేసి తనంతట తనే వెళ్లి గోడవైపు తిరిగి నిలబడేవాడు. ఒకరు చెప్పక్కర్లేదు! పోలీసులు వెతక్కుండానే స్టేషనుకి వచ్చే ముద్దాయిని ఎక్కడైనా చూశారా?

ఒక ఆదివారం అందరూ విజయనగరంలో ఉన్న దేవేంద్ర అక్క రాజకుమారి ఇంటికి భోజనానికి వెళ్లారు. ఆవిడ ఇంట్లో రంగు వెలిసిన పాత సోఫా ఒకటి ఉంది. మేనల్లుడిని ఎత్తి దానిమీద కూర్చోబెట్టబోతే, వాడు కాళ్లు ముడుచుకుని గాల్లోనే వేలాడాడు.

"ఏటిరా నాయినా, కూకో."

"ఒద్దత్తా. మాసిపోతాది."

"మాస్తే మాస్తాది, నీకేటి?"

"నాన్న గోడకాడ నిలబెడతాడు."

వాడు దిగి సోఫా పక్కన నేలమీద చతికిలబడ్డాడు. శ్రావణి కూడా వాడి పక్కనే కూర్చుంది. దేవేంద్ర చిన్నగా నవ్వి, "సూసినావా అప్పా, పద్ధతి!" అన్నాడు.

రాజకుమారి నవ్వలేదు. తమ్ముణ్ణి తేరిపార చూసింది. "ఒరే, నువ్వు సోఫా కొన్నావా, దేవుణ్ణి తెచ్చి నట్టింట్లో ఎట్టుకున్నావా?"

తిరుగు బస్సులో చినబాబు అతని ఒళ్లో నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ. చొక్కా తడిసింది. దేవేంద్ర తుడుచుకోబోయి, ఎందుకో ఊరుకున్నాడు. శ్రీకాకుళం వచ్చేదాకా అప్ప మాట చేపముల్లులా గొంతుకి అడ్డం పడుతూనే ఉంది. అయినా లెక్కల మాస్టారు కదా, ఒక్క మాటకి సిద్ధాంతం మార్చుకుంటాడా?

మే నెల వచ్చింది. సుహాసిని పిల్లల్నీ అత్తగారినీ తీసుకుని కూర్మనాథుడి దర్శనానికి శ్రీకూర్మం వెళ్లింది. పేపర్లు దిద్దే పని ఉందని దేవేంద్ర ఇంట్లో ఉండిపోయాడు.

ఫ్యాను తిరుగుతోంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎదురుగా సోఫా. కొన్నప్పటినుంచీ దాన్ని కాపలా కాయడమే గానీ, షాపులో కూర్చున్నట్టు హాయిగా కూర్చున్నది ఎప్పుడు? టవల్ తీశాడు. దుప్పటి తీశాడు. మెత్తగా కూరుకుపోయాడు. ఆహా! అలా కూర్చున్నాక ఏదో ఒకటి తినాలనిపిస్తుంది. తప్పు అతనిది కాదు, సోఫాది. వంటింట్లో పల్లె నుంచి వచ్చిన సువర్ణరేఖ మామిడిపళ్లున్నాయి. ఎర్రగా నిగనిగలాడే పండొకటి తెచ్చుకున్నాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మామిడిపండు కోసుకుని తినడం ఏమిటి? కొసన కొరికి పీల్చాడు.

రసం మోచేతిదాకా కారింది. పిసికేసరికి టెంక చేతిలోకి జారింది. చేతిలోంచి సోఫా మీదికి జారింది.

తడిగుడ్డతో తుడిచాడు. మరక వెడల్పయింది. సబ్బుపొడి రుద్దాడు. మరక ముదిరింది. ఫోన్లో ఎవరో చెప్పారని నిమ్మకాయ పిండాడు. వరదొచ్చిన నాగావళిలా నాలుగువైపులా పాకింది.

అప్పుడు తెలిసొచ్చింది దేవేంద్రకి, పిల్లలున్న ఇంట్లో ఉండే అసలు సుఖం ఏమిటో. ఏ మరకకైనా యజమాని ఇంట్లో సిద్ధంగా ఉంటాడు! తీరా తనకి అవసరమైన రోజునే ఆ యజమాని శ్రీకూర్మంలో తాబేళ్లు చూస్తున్నాడు. ఇంతకంటే దురదృష్టం ఉంటుందా?

షాపులో చెప్పిన మాట గుర్తొచ్చింది. రెండేపులా ఒకటే గుడ్డ! ప్రాణం లేచొచ్చి దిండు తిరగేశాడు.

అవతలివైపు నడిమధ్యన రూపాయి బిళ్లంత గుండ్రంగా ఒక చిల్లు. చుట్టూ నల్లగా మాడిన అంచు. వాసన చూడక్కర్లేదు గానీ చూశాడు. చుట్ట.

దాన్ని మళ్లీ మామిడి మరక పైకొచ్చేలా పెట్టేశాడు. అతని చెయ్యి తనంతట తానే పక్క దిండు మీదికి వెళ్లింది. తిరగేశాడు. తళతళలాడే గులాబీరంగు మడుగొకటి ఎండిపోయి ఉంది. తమ్ముడి పెళ్లికి సుహాసిని కాలివేళ్లకి వేసుకున్న రంగే.

ఇక మూడోది మిగిలింది. కిటికీ పక్కది. ఉత్తర్వు రాకముందు పిల్లలిద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ కూర్చునేది దానిమీదే. ఊపిరి బిగబట్టి ఎత్తాడు. ఇటు చూశాడు. అటు తిప్పి చూశాడు. వెలుతురుకి ఎత్తిపట్టి మరీ చూశాడు.

ఏమీ లేదు. షాపులో ఎలా ఉందో అలాగే ఉంది.

ఆ దిండు పట్టుకుని అతను అలా నిలబడి ఉండగానే గుమ్మం ముందు ఆటో ఆగింది. దర్శనం తొందరగా అయిపోయిందట! సుహాసిని లోపలికి వస్తూనే గులాబీరంగు మరక చూసి గుమ్మంలో ఆగిపోయింది. ఆమె వెనక దాలమ్మ. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడ చెయ్యి బొడ్లో దోపుకున్న చుట్టలమీదికి పోయింది.

వాళ్లిద్దరి మధ్యలోంచి చినబాబు పరుగెత్తుకొచ్చాడు. పచ్చటి మరక చూశాడు. చేతిలోని ప్రసాదం పొట్లం జాగ్రత్తగా కింద పెట్టాడు. వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఒరే నాన్నా, నువ్వెందుకు నిలబడ్డావురా?" అన్నాడు దేవేంద్ర.

"సోఫా మాసిపోనాది కదా."

"నువ్వింట్లో లేవు కదరా! శ్రీకూర్మం ఎల్లినావు కదా!"

చినబాబు గోడవైపు చూస్తూనే ఆలోచించాడు. ఆ సంగతి వాడికీ నిజమేననిపించింది. "మరైతే ఇంట్లో ఎవులున్నారు?"

తరగతిలో ఎన్నో కష్టమైన లెక్కలు విప్పిన మాస్టారికి ఈ లెక్క జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"నానే."

"ఏటి సేసినావు?"

"మావిడిపండు తిన్నాను."

చినబాబు తల తిప్పి తండ్రిని చూశాడు. కోపం లేదు, ఆశ్చర్యం లేదు. పక్కకి జరిగి, గోడ దగ్గర చోటిచ్చాడు. "అయితే రా."

దేవేంద్ర వెళ్లాడు. వెళ్లి కొడుకు పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. దగ్గరగా చూస్తే, ఆ గోడమీద వాడి ముఖం ఎత్తున సున్నం కొంచెం గీకి ఉంది. గోటితో గీసిన చిన్న చిన్న చేపలు. ఎన్నిసార్లు నిలబడి ఉంటే అన్ని చేపలు తయారవుతాయో అతను లెక్కపెట్టలేదు.

వెనక గాజుల చప్పుడైంది. సుహాసిని వచ్చి కొడుక్కి అటువైపు నిలబడింది. "ఆ సీసా ఒంపింది నానే బావా" అంది గోడతో.

"అమ్మా?" అన్నాడు దేవేంద్ర, తిరక్కుండానే.

"నిప్పు దానంతటది రాలితే నానేటి సేస్తానురా?" అంది దాలమ్మ. గోడవైపు తిరిగిన ఆ మూడు వీపులూ ఆవిడకి చుట్ట నిప్పుకన్నా ఎక్కువ కాలినట్టున్నాయి. "సరే, నానూ నిలబడతాను. మోకాళ్లు ఓపవు గాని, గోడకాడే కూకుంటాను. ఒరే పిలగా, కాస్త జరుగు."

హాల్లో సోఫా మీద కూర్చునే అర్హత ఇక శ్రావణి ఒక్కదానికే మిగిలింది. అది కిటికీ పక్క దిండు యథాస్థానంలో పెట్టి, దర్జాగా ఎక్కి కూర్చుని, "నాను సెప్పినదాకా ఎవులూ కదలీకండి" అంది.

ఎంత మంచి తీర్పు! కదలకుండా నిలబడ్డారు.

ఆ తరవాత సోఫా మీదికి దుప్పటి మళ్లీ ఎక్కలేదు. పిల్లలెక్కారు.

కొద్దిరోజులకి మేడమీది వాటాలో ఉండే భారతి చేటలో కరివేపాకు పట్టుకుని వచ్చింది. సోఫా మీద శ్రావణీ చినబాబూ కోతికొమ్మచ్చి ఆడుతున్నారు. వాళ్ల కాళ్లకి తగిలి నిటారుగా లేచిన దిండుకి ఇటు మామిడి మరక, అటు చుట్ట చిల్లు, పక్కన దిండు బోర్లాపడి గులాబీరంగు మడుగు. భారతి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో, ఎంత మంచి సోఫా! చిన్నపిల్లలున్న ఇల్లు కదండీ మాస్టారూ, ఏం చేస్తాం?"

అలవాటైన తల కదా, దేవేంద్ర తల అవునన్నట్టు సగం ఊగింది కూడా. సుహాసిని గబుక్కున టీ పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

మూలన కూర్చున్న దాలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"పిల్లలు కాదమ్మా" అంది. "మా ఇంట్లో పెద్దోలున్నారు."