వెలిగాక స్టార్టరుతో పనేముంది?

పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ గారి ముందు ట్యూబులైటు పాఠం చెప్పి మెప్పించాలి, సాయంత్రానికి సీనియర్ మాస్టారై ఇల్లు చేరాలి. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ సైన్సు మాస్టారు వేసుకున్న ప్రణాళిక ఇంతే. పన్నెండేళ్లుగా ఆ పదవి ఇదిగో అదిగో అని ఊరిస్తోంది. ఈసారి తప్పితే ఇక ఆశ వదులుకోవడమే. భార్య మాత్రం అక్కచెల్లెళ్లందరికీ కబురు చేరవేసేసింది.

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఫోన్లేమిటి?"

"ఆ పాఠం మీరు నిద్దట్లో కూడా చెప్తారు కదండీ. వినీ వినీ నాకే వచ్చేసింది."

బడికెళ్లి స్విచ్చు వేస్తే ట్యూబు వెలగలేదు. దాన్ని మొదట రాజేసే బొటనవేలంత డబ్బీ, అదే స్టార్టరు, పాడైపోయింది. మాస్టారు కంగారుపడలేదు. హెడ్మాస్టారు ఇన్‌స్పెక్టర్ గారికి ఎదురెళ్లారు, ఖాళీగా ఉన్న హెడ్మాస్టారి గదిలో ట్యూబు వెలుగుతోంది. కుర్చీ ఎక్కి దాని స్టార్టరు మెలితిప్పి లాగేశారు. ట్యూబు మాత్రం ఎప్పటిలాగే వెలుగుతూ ఉంది. పెళ్లయిపోయాక పెళ్లిళ్ల పేరయ్యతో పనేముంది అనుకుంటూ దాన్ని తెచ్చి క్లాసులో బిగించి, లైటు వేసుకున్నారు.

ఇంతలో అటెండరు పరుగెత్తుకొచ్చాడు. ఎవరూ లేని గదిలో దీపం కనిపిస్తే అతనికి అన్నం సయించదు. పిల్లలు అతన్ని ఆర్పుడు తాత అంటారు.

"మాస్టారూ, హెడ్మాస్టారి గదిలో లైటు ఆర్పానండి. మళ్లీ వేస్తే రావట్లేదు!"

"నిన్నెవరు ఆర్పమన్నారయ్యా?"

"ముప్పయ్యేళ్లుగా ఎవరూ అనకుండానే ఆర్పుతున్నానండి."

మాస్టారు వెలుగుతున్న క్లాసు ట్యూబు నుంచి స్టార్టరు పీకి, ఆ గదికి పరుగెత్తి, బిగించి లైటు వేశారు. వరండాలో ఇన్‌స్పెక్టర్ గారి బూట్ల చప్పుడు. స్టార్టరు అక్కడే వదిలేసి పక్క గుమ్మంలోంచి జారుకున్నారు. క్లాసులో స్విచ్చు పక్కన సుద్దముక్కతో 'ముట్టరాదు' అని పెద్దక్షరాలతో రాశారు.

ఇన్‌స్పెక్టర్ గారు క్లాసుకొచ్చి కూర్చోగానే కిటికీలన్నీ మూయించి పాఠం మొదలుపెట్టారు. "బల్బులో తీగ కాగి వెలుగుతుంది, అందుకే ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఇక్కడ అలా కాదు. గొట్టంలో ఉన్న పాదరసం ఆవిరిని కరెంటు కదిలిస్తే కంటికి కనపడని కాంతి వస్తుంది. లోపల పూసిన తెల్లపొడి దాన్ని కనపడే వెలుగుగా మారుస్తుంది. ఒకసారి వెలిగిందా, స్టార్టరుతో పనే లేదు."

"భేష్!" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. "ఏదీ, ఒకసారి ఆర్పి వెలిగించండి."

"ఇప్పుడు ఆర్పడం దేనికి సార్, శుభమా అని వెలుగుతుంటే..."

స్విచ్చు టక్కుమంది. సర్వీసు మొత్తంలో ఒక ఆఫీసరు నోరు తెరిచి ఆర్పమనడం, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆర్పుడు తాత వినడం అదే మొదటిసారి.

చిమ్మచీకటి. పిల్లలు "ఓ..." అని అరిచారు. మాస్టారు తడుముకుంటూ బయటపడి హెడ్మాస్టారి గదికి ఉరికారు. ట్యూబు వెలుగుతోంది. స్టార్టరు ఉండాల్సిన చోటు ఖాళీ!

"ఇక్కడికెవరైనా వచ్చారా సార్?" అని కుర్చీలో ఉన్న హెడ్మాస్టారిని అడిగారు.

"ఇన్‌స్పెక్టర్ గారు తప్ప ఇంకెవరొస్తారయ్యా? నేను టీ చెప్పడానికెళ్తే పాపం ఒక్కరే కూర్చున్నారు."

ఈరోజు జోకు వేస్తే మర్నాడు నవ్వే మనిషి మాస్టారు. ఆయనకేమీ తట్టలేదు. పన్నెండేళ్ల ఆశ గంగలో కలిసిందని కళ్లలో నీళ్లు తిరుగుతుండగా చీకట్లోకి తిరిగొచ్చారు.

"సార్, అసలు సంగతేమిటంటే..."

అరచేతిలోకి చిన్న డబ్బీ ఏదో వచ్చి పడింది.

"ముందు బిగించండి మాస్టారూ," చెవి దగ్గర ఇన్‌స్పెక్టర్ గారి గొంతు గుసగుసలాడింది. "మా వంటింట్లో నాలుగు రోజులుగా చీకటి. నేనూ సైన్సు చదివినవాణ్ణే."

ట్యూబు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. పిల్లలు చప్పట్లు చరిచారు.

"వెలిగాక పనిలేదన్నారుగా? ఏదీ, తీసి చూపించండి!" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు, ఈసారి అందరికీ వినపడేలా.

మాస్టారు తీశారు. ట్యూబు చెక్కుచెదరలేదు. "అద్భుతం!" అంటూ ఇన్‌స్పెక్టర్ గారు స్టార్టరు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మాటల్లో మాటగా జేబులో వేసుకున్నారు.

సాయంత్రానికి మాస్టారు సీనియర్ మాస్టారయ్యారు. అదే కాగితం అడుగున ఇంకో వాక్యం ఉంది: దీపాలు ఆర్పే దురలవాటును తక్షణం మానుకోవలసిందిగా అటెండరును హెచ్చరించడమైనది.