మచ్చలేని చేతిరాత

ఆ శనివారం పొద్దున్న బోర్డుల మాస్టారు పన్నెండు కాగితాలు బల్ల మీద ఆరబెట్టుకొని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాటి చుట్టూ తిరుగుతున్నారు. దుకాణాల ముందు పేర్లు రాయడం ఆయన వృత్తి. ముప్పయ్యేళ్లలో ఆయన గీసిన గీత వంకర పోయిందని ఎవరూ అనలేదు. అన్నా ఒప్పుకునేవారు కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం.

బల్ల మీదున్నవి పాట కాగితాలు. ఆయన భార్య తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేస్తుంది. ఏడాదిగా సాయంత్రాలు లైబ్రరీ మేడ మీద, అయిదు గీతల మీద గుర్తులుగా రాసిన పాటను చదివి పాడటం నేర్చుకుంటోంది. యాభై దాటాక ఈ ఓనమాలేమిటని తమ్ముడు ఎగతాళి చేసినా మానలేదు. ఆ రోజు పదకొండింటికి పరీక్ష. ముందెన్నడూ చూడని పాటను తరగతిలోని పన్నెండు మందీ కాగితం చూసి అప్పటికప్పుడు పాడాలి. టీచరమ్మ వేరే ఊరు వెళ్లిపోతోంది. పరీక్ష నెగ్గితే కొత్తవాళ్లకు పాఠాలు చెప్పే పని ఆమెకే అప్పగిస్తానంది. ఆ పని ఆమెకు ఎంత కావాలంటే, కూరలు తరుగుతున్నా ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని లెక్క తప్పకుండా తరిగేది.

నకళ్లు తీయించమని టీచరమ్మ ఇచ్చిన పరీక్ష పాట కవరును ఆమె తెరవలేదు. జిరాక్సు తీయించుకు రమ్మని భర్త చేతికిచ్చింది. సంగీతం ఒక్క ముక్క రాని మనిషి కాబట్టి ఆయన చూసినా దోషం లేదనుకుంది. మాస్టారి మనసు మాత్రం నొచ్చుకుంది. ఇంట్లో ఇంత చేతిరాత ఉండగా మిషను దగ్గరికి పోవడమేమిటని, పన్నెండు నకళ్లూ తానే రాశారు. అక్కడే పప్పులో కాలేశారు.

అసలు కాగితం పాతది. కొన్ని స్వరాల పక్కన చుక్కలున్నాయి. సిరా కారి ఉంటుందని జాలిపడి వాటిని వదిలేశారు. అక్కడక్కడ నలిగిన దోమల్లాంటి గుర్తులున్నాయి. ఎవరో పెన్ను రాస్తుందో లేదో గీకి చూసుకున్నారని అవీ వదిలేశారు. వాటివల్ల ఏర్పడిన ఖాళీలు కంటికి బాగోలేదని, మిగిలిన స్వరాలను సమంగా సర్దారు. చివరికి కాగితం పెళ్లిచూపులకు తయారైనట్టు తయారైంది.

పదకొండింటికి మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొని బావమరిదిని వెంటబెట్టుకొని లైబ్రరీ హాల్లో ముందు వరసలో కూర్చున్నారు. నకళ్లు పన్నెండు మందికీ పంచారు. టీచరమ్మ పాత కాగితం చూస్తూ పియానో మొదలుపెట్టింది.

స్వరం పక్కన చుక్క ఉంటే ఆ స్వరం ఇంకో సగం సాగాలి. నలిగిన దోమ ఉంటే పాట ఆపి ఊపిరి పీల్చుకోవాలి. ఆ రెండూ లేకపోవడంతో కాగితంలో రెండో వరసకే పాడేవాళ్లు పియానోను దాటిపోయారు. వాళ్లను అందుకోవాలని టీచరమ్మ వేగం పెంచింది. ఆవిడ తరుముతోందనుకొని వాళ్లు ఇంకా పెంచారు. ఊపిరి తీసుకోవడానికి ఎక్కడా చోటులేక, పాడేవాళ్లలో ఒకడైన లైబ్రరీ వాచ్‌మన్ తాత మొహం ఎర్రబడి కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకు నీళ్లు తేబోయిన మనిషి కంగారులో గ్లాసంతా పియానో మీద ఒలకబోసింది. పాత కాగితం తడిసి, సిరా అలికేసినట్టయింది. పాట ఆగింది.

మీ అక్కవాళ్లు భలే జోరుగా పాడారని మాస్టారు బావమరిదితో అన్నారు.

మార్కులు వేయడానికి వచ్చిన పరీక్షాధికారి పెన్ను తీశారు. ఈ బృందానికి చదవడం రాదని రాయబోతుంటే మాస్టారి భార్య ముందుకొచ్చింది.

"అయ్యా, మాకు చదవడం వచ్చండి. కాగితమే తప్పు."

"ఇంత శుభ్రంగా ఉంది కదమ్మా. ఎవరు రాశారిది?"

ఆ ప్రశ్న కోసమే పొద్దుట్నుంచి ఎదురుచూస్తున్న మాస్టారు లేచి, చొక్కా సర్దుకొని, "నేనేనండి. మరకలన్నీ తీసేశాను, ఒక్కటి కూడా మిగల్లేదు" అన్నారు.

భార్య ఆయనవైపు ఒక్క చూపు చూసింది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆ చూపు రెండోసారి. బావమరిది చొక్కా పట్టి లాగి, "కూర్చో బావా" అన్నాడు. భూమి చీలితే బాగుండునని మాస్టారికి మొదటిసారి అనిపించింది. ఏడాది చదువును తానే తుడిచిపారేశానని అప్పుడు తెలిసింది.

ఆమె పెన్సిలు అడిగి తీసుకుంది. "నిలువు గీతకీ నిలువు గీతకీ మధ్య నాలుగు లెక్కలుండాలని పైనే రాసుందండి. ఇక్కడ మూడున్నరే ఉంది, ఇక్కడ మూడే. ఎక్కడ ఎంత తగ్గిందో చూస్తే ఏం పోయిందో తెలుస్తుంది."

అర లెక్క తగ్గినచోట ఏ స్వరం సాగాలో లోలోపల పాడి చూసుకొని చుక్క పెట్టింది. పూర్తి లెక్క తగ్గినచోట విరామం గీసింది. మిగతా పదకొండు మందీ ఆమె చూపించినట్టే దిద్దుకున్నారు. పరీక్షాధికారి తన సంచిలోంచి సీలు వేసిన సొంత ప్రతి తీసి, ఒక్కో గుర్తూ వేలితో సరిచూశారు. ఒక్కటీ తప్పలేదు.

"ఉన్నది చదివేవాళ్లను చాలామందిని చూశానమ్మా. లేనిది చదివినదానివి నువ్వే."

మళ్లీ పాడారు. వాచ్‌మన్ తాత ఆగవలసిన చోటల్లా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. మాస్టారి కళ్లు నిండిపోయాయి. తన చేతిరాత చూసుకొని కూడా ఆయన ఎప్పుడూ అంత గర్వపడలేదు. ఆవిడ నా భార్య అని ముందు వరసంతటికీ చెప్పి, తెలిసినవాళ్లకు రెండోసారి కూడా చెప్పారు.

సోమవారం సాయంత్రం కొత్త టీచరుగా ఆమె రిజిస్టరు తెరిస్తే, చేరడానికి అందరికన్నా ముందు వచ్చింది మాస్టారే. సంగీతం ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నారు అన్నచోట, ముత్యాల్లాంటి అక్షరాలతో "ప్రజల క్షేమం కోసం" అని రాశారు.