బడ్జెట్ సభకు నల్లబట్టలు

శనివారం పొద్దున ట్వుమాసి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి బడ్జెట్ సభ మొదలుపెట్టాలి, పన్నెండింటికి ముగించాలి, ఒంటిగంటకి భార్య తరఫు పెద్దాయన అంత్యక్రియలకి వెళ్లి కూర్చోవాలి. అసూక్రోమ్ మునిసిపాలిటీలో ఆయన బడ్జెట్ ఆఫీసరు. పక్క బల్ల నాది, ప్రణాళిక విభాగం. ఈ కథలో ఆయన చేసిన తెలివితక్కువ పనులు చాలావరకు నన్ను సంప్రదించి చేసినవేనని ముందే ఒప్పుకుంటున్నాను.

మా దగ్గర బడ్జెట్ తయారయ్యే పద్ధతి ఏమంత కష్టమైనది కాదు. ఆగస్టులో నిరుటి బడ్జెట్ బయటికి తీస్తాం. సంవత్సరం మారుస్తాం. అంకెలన్నిటికీ పదిశాతం కలుపుతాం. ఇంటి పన్ను ఇంత వసూలవుతుందని రాస్తాం. అది రాదని మాకూ తెలుసు, పై ఆఫీసుకీ తెలుసు. అక్టోబరులో జనాన్ని పిలిచి చదివి వినిపిస్తాం, వాళ్లు రారు. నిరుడు పదకొండుమంది వచ్చారు. అందులో తొమ్మిదిమంది మా సిబ్బంది, ఒకడు ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడు, ఇంకొకాయన వాన వెలిసేదాకా కూర్చుని వెళ్లిపోయాడు.

ఈసారి అలా కుదరదని ప్రాంతీయ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మార్కెట్ పక్కన వరద కాలువ కావాలంటే సభకి కనీసం రెండువందలమంది రావాలి. మునిసిపాలిటీ తన వాటాగా నెలాఖరులోగా ముప్ఫైవేల సెడీలు చూపించాలి. మిగతాది వాళ్లిస్తారు. మా ఖాతాలో ఉన్నవి నాలుగువేలు.

ఆ మార్కెట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న కొట్టు ట్వుమాసి భార్య ఫ్రెమాది. కర్రపెండలం రవ్వ అమ్ముతుంది. గట్టి వాన పడినప్పుడల్లా రెండు మూడు బస్తాలు తడిసి ముద్దవుతాయి, ఆ వారమంతా ఇంట్లో ఆ ముద్దే భోజనం.

"ఊళ్లో దేనికెంత ఖర్చుపెట్టాలో రాసేది మీరే కదా. మన కొట్టు ముందు ఒక కాలువ రాయలేకపోయారా?" అంది ఫ్రెమా, చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మొగుడితో.

"రాశానే. ఏడేళ్లుగా రాస్తూనే ఉన్నా."

"మీరు రాస్తే నీళ్లు ఆగుతాయా? ఈ ఏడు కూడా కాలువ రాకపోతే కొట్టు మా అక్కకిచ్చేసి నేను కుమాసి పట్నం పోతా. మీరు మీ బడ్జెట్ వండుకు తినండి."

ఫ్రెమా ఊరికే బెదిరించే మనిషి కాదు. పెట్టె సర్ది మంచం కింద పెట్టి ఉంచిందని ట్వుమాసి నాకు అంతకుముందే చెప్పాడు.

సభ శనివారం పెడదామని సలహా ఇచ్చింది నేనే. ఆరోజైతే జనం ఖాళీగా ఉంటారన్నాను. మాలో ఎవరు ఎప్పుడు పోయినా అంత్యక్రియలు శనివారమేనని, ఆరోజు ఊరు ఊరంతా ఏదో ఒక చావు దగ్గర ఉంటుందని, షామియానాలవాళ్ల దగ్గర చావు రంగులైన నలుపూ ఎరుపూ తప్ప ఇంకో రంగు దొరకదని నాకు తట్టలేదు. తట్టకపోవడానికి నేనేమీ కొత్తగా వచ్చినవాణ్ని కాను. ఆ సాయంత్రం నేనూ ఒక చావుకి వెళ్లాలి, అందుకే నల్లబట్టలు వేసుకొచ్చాను. ట్వుమాసి కూడా అంతే. పన్నులు వసూలుచేసే డుఫియే నల్లగుడ్డ తలకి కూడా చుట్టుకొచ్చింది. మధ్యలో ఇంటికెళ్లి బట్టలు మార్చుకునే ఓపిక ఎవరికుంటుంది?

షామియానాలతో పాటు మైకు వచ్చింది, మైకుతో పాటు ఎఫ్రిఫా వచ్చాడు. ఆయన ఇరవై ఏళ్లుగా చావుల దగ్గర చదివింపులు ప్రకటించే మనిషి. మాలో చావుకి వెళ్లినవాళ్లు తోచింది చదివిస్తారు, ఎవరు ఎంత ఇచ్చారో మైకులో అందరూ వినేలా చెబుతారు. రేపు వాళ్లింట్లో ఎవరైనా పోతే ఇవతలివాళ్లు అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి. ఎఫ్రిఫా మైకు సరిచూసుకోవడానికి ఒక ఏడుపు పాట పెట్టాడు. ఆయన దగ్గర ఉన్న పాటలన్నీ అవే.

ఇక మేయరు ఆంపోఫో. ఆయన రాజధాని అక్రాలో పని చూసుకుని మధ్యాహ్నానికి వస్తానన్నాడు. సభలో మేయరు లేకపోయినా ఫోటో ఉండాలన్నది రూలు. నిలువెత్తు ఫ్లెక్సీ చేయించి షామియానా ముందు నిలబెట్టాం. ఖాళీగా ఉందని డుఫియే చుట్టూ పూలు కట్టింది. ఆ ఫోటోలో మేయరుగారు మునుపెన్నడూ లేనంత ప్రశాంతంగా ఉన్నారు.

మొదట వచ్చింది చెప్పులు కుట్టే ముసలి బాదు. ఫ్లెక్సీ ముందు ఆగి, టోపీ తీసి, కాసేపు తల అడ్డంగా ఊపాడు. "మొన్న మంగళవారమేగా చూశాను," అనుకుంటూ నేరుగా డుఫియే బల్ల దగ్గరికి వెళ్లాడు. ఎవరైనా పుణ్యాత్ములు ఇంటి పన్ను కట్టకపోతారా అన్న ఆశతో ఆమెని రసీదు పుస్తకంతో అక్కడ కూర్చోబెట్టాం.

"ఎంత రాయమంటారు తాతా?"

"యాభై రాసుకో తల్లీ. ఇంకా ఇవ్వాలనే ఉంది, చేతిలో లేదు."

తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అడగకుండా డబ్బిచ్చిన మనిషిని డుఫియే చూడటం అదే మొదలు. ఆయన మనసు మార్చుకునేలోగా ఇంటి పన్ను రసీదు రాసింది. అలవాటు కొద్దీ ఎఫ్రిఫా వంగి, ఆ చీటీ చూసి, మైకులో చెప్పేశాడు. "పెద్దాయన బాదు, యాభై సెడీలు. భగవంతుడు ఆయన్ని చల్లగా చూడాలి."

దారినపోయేవాళ్లు ఆగారు. నల్ల షామియానా, పూల మధ్య మేయరు, నల్లబట్టల్లో మేము. పోయిందెవరో ఇంకా అడగాల్సిన పని వాళ్లకి కనిపించలేదు. వేరే చావులకి బయల్దేరినవాళ్లు కూడా ఊరి మేయరు కదా అని ముందు ఇటు తిరిగారు. తాళాలు చేసేవాడు వంద చదివించాడు. అది విని అతని పక్కింటివాడు నూట యాభై. మాంసం కొట్ల సంఘం రెండువేలు. పదిన్నరకి కుర్చీలు చాలలేదు.

"చూశారా, మన ప్రచారం పనిచేసింది," అన్నాడు ట్వుమాసి నాతో.

"ఇంటింటికీ కరపత్రం పంచాం కదా," అన్నాను. కరపత్రాలు ఇంకా నా బల్ల సొరుగులోనే ఉన్నాయి.

ట్వుమాసి బడ్జెట్ చదవడం మొదలుపెట్టాడు. పోయినవాళ్ల జీవితచరిత్ర చదివి వినిపించడం మాలో ఆచారం. జనం నిశ్శబ్దంగా, చేతులు కట్టుకుని విన్నారు. "మార్కెట్ మరుగుదొడ్లకు తలుపులు బిగించాలని సంకల్పించడమైనది. నిధులు లేనందున బిగించలేదు," అని చదివితే ముందు వరసలో ఒకావిడ ముక్కు చీదింది. "సంకల్పించాడు చూడు, పాపం," అంది పక్కావిడతో. "వరద కాలువ ఏడేళ్లుగా ప్రతిపాదనలో ఉన్నది" అనే వాక్యం దగ్గరికొచ్చేసరికి వెనక వరసలు కూడా ఏడ్చాయి. తన అంకెలు విని ఇంతమంది కదిలిపోవడం ట్వుమాసి జీవితంలో ఎన్నడూ ఎరగడు. ఆ వాక్యాన్నే ఆయన రెండోసారి చదివాడు. పేజీ తిప్పడానికి నేను సాయం చేశాను.

పదకొండున్నరకి మార్కెట్ రాణి సాచివా వచ్చింది. మార్కెట్లో ఆమె మాట కాదంటే టమాటా కదలదు. ఇరవైమంది ఆడవాళ్లతో, అందరూ నల్లబట్టల్లో వచ్చి మూడువేలు చదివించి, ట్వుమాసి రెండు చేతులూ పట్టుకుంది.

"గుండె దిటవు చేసుకో బాబూ. మంచి మేయరు. బతికుండగా నేనే చాలా మాటలన్నాను. ఇంతకీ పాతిపెట్టేదెప్పుడు?"

ట్వుమాసి ఆమె వైపు చూశాడు, ఫ్లెక్సీ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

షామియానా వెనక్కి వెళ్లి లెక్క చూసుకున్నాం. మూడువందల నలభైమంది. బల్ల మీద ఇరవై ఏడువేల మూడువందలు. పాత నాలుగువేలు కలిపితే ముప్ఫైవేలు దాటింది.

"చెప్పేద్దామా?" అన్నాడు ట్వుమాసి.

"చెబితే ఎవరి డబ్బు వాళ్లు పట్టుకుపోతారు."

"మరి మేయరుగారొస్తే?"

"రావద్దని చెప్పండి," అన్నాను. ఆరోజు నేనిచ్చిన సలహాలన్నిటిలో ఇది చివరిది, అన్నిటికంటే చెడ్డది.

ట్వుమాసి ఫోన్ చేశాడు. "అయ్యా, తమరు ఈరోజు రాకపోతేనే మంచిదండి."

"ఏం, ఎందుకని?"

"సభ బ్రహ్మాండంగా జరుగుతోందండి. తమరు లేకపోవడమే కలిసొచ్చింది."

తను లేని సభ బ్రహ్మాండంగా ఎలా జరుగుతుందో చూద్దామని మేయరు డ్రైవరుని తొందరపెట్టి పది నిమిషాలు ముందే వచ్చేశాడు. ఎవణ్ని ఎలా తిట్టాలో దారంతా అనుకుంటూ వచ్చాడట. కానీ కారు ఆగేసరికి మైకులో ఎఫ్రిఫా, "ఇలాంటి నాయకుడు మనకి మళ్లీ దొరుకుతాడా?" అంటున్నాడు. జనం "దొరకడు, దొరకడు" అంటున్నారు. మేయరు దిగలేదు. అద్దం కిందికి దించమని చెప్పి పావుగంట విన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, తెల్లచొక్కా సర్దుకుని దిగి, నేరుగా తన ఫ్లెక్సీ పక్కకొచ్చి నిలబడ్డాడు.

ఏడుపు పాట ఆగింది. ముసలి బాదు టోపీ తిరిగి పెట్టుకున్నాడు. ముందు తేరుకున్నది సాచివా.

"ఏం మేయరుగారూ, బతికే ఉన్నారా?"

"ఉన్నానమ్మా," అన్నాడు ఆయన, తప్పు చేసినవాడిలా.

"అయితే మా డబ్బు మాకిప్పించండి."

"రసీదులు రాసేశా రాణమ్మా," అంది డుఫియే పుస్తకం గుండెలకి అదుముకుని. "ఇంటి పన్ను అని ఉంది చూసుకోండి. సర్కారు రసీదు రాశాక వెనక్కిచ్చే దారి లేదు."

"ఇంటి పన్నా? పద్నాలుగేళ్లుగా ఒక్క పెసెవా కట్టలేదు నేను."

"ఇప్పుడు కట్టారుగా."

కుర్చీలు కదిలాయి. జనం బల్ల మీదికి రావడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే ఫ్రెమా, ఒంటిగంట చావుకి మొగుణ్ని తీసుకెళదామని వచ్చి, షామియానా అంచున చేతులు కట్టుకుని నిలబడింది. ఆమెని చూశాక ట్వుమాసి ఎఫ్రిఫా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. నన్ను సంప్రదించకుండా ఆయన చేసిన పని అదొక్కటే.

"తప్పు మాది. మేయరుగారు పోయారని మేము చెప్పలేదు, పోలేదని కూడా చెప్పలేదు. ఏడేళ్లుగా ఈ ఊరి కాలువ కోసం అడుగుతున్నా, ఎవరూ యాభై సెడీలు ఇవ్వలేదు. ఈ డబ్బు వెనక్కి పోతే కాలువ రాదు. వానొస్తే మీ టమాటాలు కొట్టుకుపోతాయి, మా ఇంట్లో రవ్వ ముద్దవుతుంది, ఇంకా పోయేవి కూడా ఉన్నాయి, అవి నా సొంత సంగతులు. అందుకని దండం పెట్టి అడుగుతున్నా. దీన్ని చదివింపే అనుకోండి. రేపు మీ ఇంట్లో ఎవరు పోయినా మునిసిపాలిటీ వస్తుంది. మీరిచ్చినదానికి తగ్గకుండా చదివిస్తుంది."

సాచివా వేళ్లు మడుస్తూ షరతులు మొదలుపెట్టింది.

"నల్లబట్టలతో రావాలి."

"వస్తాం."

"మైకులో చెప్పించాలి."

"చెప్పిస్తాం."

"ఈయన కూడా రావాలి," అంది మేయరు వైపు గడ్డం చూపించి. ఇంతకుముందు విన్న మాటల మత్తులోంచి ఇంకా తేరుకోని మేయరు సరేనన్నాడు.

జనం సర్దుకున్నారు. కొంతమంది మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లారు. "మా అమ్మకి తొంభై నాలుగేళ్లు, ఇంకో రెండువందలు రాసుకోండి," అన్నాడు తాళాలవాడు. సాయంత్రానికి ముప్ఫై ఆరువేలు వచ్చింది.

పెద్దవానలు మొదలయ్యేలోగా కాలువ పూర్తయింది. మొదటి గట్టి వానకి ఫ్రెమా కొట్టు ముందు గంటసేపు నిలబడి నీళ్లు పోతుంటే చూసింది. ఒక్క బస్తా తడవలేదు. ఆ రాత్రి పెట్టెలోంచి బట్టలు తీసి అలమరలో పెట్టుకుంటుంటే ట్వుమాసి మడతలు అందించాడట. మర్నాడు ఆఫీసులో నాకు చెబుతూ సిగ్గులేకుండా ఏడ్చాడు.

ఆ తర్వాత ఆయనకి శనివారాలు లేకుండా పోయాయి. మాలో కుటుంబాలు పెద్దవి. మేనత్త తోడికోడలి తండ్రి పోయినా ఇంట్లో చావు కిందే లెక్క. ఒక్క ఏడాదిలో అరవైమూడు చావులకి మునిసిపాలిటీ హాజరై నలభై ఒక్క వేల సెడీలు చదివించింది. ఇప్పుడు మా ఊళ్లో ఇంటి పన్ను ఎగ్గొట్టేవాళ్లు లేరు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదంటే ఆ వారమే పరిగెత్తుకొచ్చి కట్టిపోతారు. బడ్జెట్లో జీతాల తర్వాత పెద్ద పద్దు ఇదే. సంతాప ఖర్చులు అని పేరు పెట్టి, ఈ ఏడు పదిశాతం కలిపాం.

మొన్న ప్రాంతీయ కార్యాలయం నుంచి ఆడిటరు వచ్చాడు. కాలువని కన్నెత్తి చూడలేదు. సంతాప ఖర్చుల పద్దు కింద ఎర్రసిరాతో, ఈ పథకం లబ్ధిదారుల్లో కనీసం ముగ్గురిని తాను స్వయంగా కలవాలని, అందుకు తేదీ నిర్ణయించి తెలపాలని రాశాడు.

ట్వుమాసి దాని కిందే జవాబు రాశాడు: "తమరు వారిని తప్పక కలుస్తారు, తేదీ నిర్ణయించడం మాత్రం మునిసిపాలిటీ పరిధిలో లేదు."